కెజియా చేప

క్రిస్మస్ దీపాలు చూడటానికి ఎస్తేరమ్మ కుటుంబమంతా గుంటూరులో చర్చి వీధికి వచ్చింది. వీధిలో ఒక్క బల్బూ లేదు. దీపాలన్నీ కళ్లద్దాల్లోనే, ఎవరికి నచ్చినవి వారికి కనిపిస్తాయి. ఎస్తేరమ్మకు తన చిన్ననాటి కాగితం నక్షత్రాలు, కొడుకు జయపాల్‌కు రాకెట్లు, కోడలికి పూలతోట.

"నానమ్మా, గోపురం మీద నా చేప చూడు!" అంది ఆరేళ్ల కెజియా.

"భలే ఉందే," అంది ఎస్తేరమ్మ, నక్షత్రాలకేసి చూస్తూ.

"ఏ రంగుది?"

"ఎర్రది," అంది తడబడుతూ.

"అబద్ధం! నా చేపని ఎవరూ చూడట్లేదు," అని పాప రోడ్డు మీదే కూలబడి ఏడుపు లంకించుకుంది.

ఎస్తేరమ్మకు సిగ్గేసింది. "ఒరేయ్ జయా, మనందరి అద్దాల్లోనూ పాప బొమ్మలే పెట్టు."

"ఏడాదంతా ఎదురుచూశావు కదమ్మా, మరి నీ నక్షత్రాలో?"

"పెట్టరా ముందు."

నక్షత్రాలు మాయమయ్యాయి. గోపురం మీద ఊదారంగు చేప తలపాగా చుట్టుకుని గంట కొడుతోంది. కింద పీతలు బాజాలు వాయిస్తూ ఊరేగుతున్నాయి. ఎస్తేరమ్మ పగలబడి నవ్వింది.

"ఒసేయ్, ఆ చివరి పీత అచ్చం మీ తాతలా నడుస్తోందే!"

"తాత అలా నడిచేవాడా?" అంది పాప కళ్లు తుడుచుకుంటూ.

ఎస్తేరమ్మ కొంగు బిగించి, వీధి మధ్యలో పక్కవాటుగా నడిచి చూపించింది. వెనకే కెజియా, ఆ వెనక కొడుకూ కోడలూ అలాగే నడిచారు. ఎదురొచ్చినవాళ్లు అద్దాలు తీసి తుడుచుకుని మరీ చూశారు.