పిచ్చుక రాసిన గొంతు

"ఆ లైబ్రరీ వద్దమ్మా!"

హాల్లో వెనక వరుస నుంచి వచ్చిందా మాట.

వేదిక మీద మాట్లాడుతున్న అక్క ఠక్కున ఆగిపోయింది. తమ్ముడి కోసం యాప్ రాసిన మనిషి కాబట్టి ఆ హాల్లో పెద్దాచిన్నా అందరికీ ఆమె అక్కే.

తమ్ముడికి ప్రమాదంలో మాట పోయింది. తెర మీద బొమ్మని వేలితో నొక్కితే ఫోనే వాడి బదులు మాట్లాడాలి. లోపల ఏది కావాలంటే అది మార్చుకోవచ్చని ఆమె లినక్స్ ఫోన్ కొంది. యాప్‌ని మొదట పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసింది. రాయడం సులువే, కానీ ఆ చిన్న ఫోన్ మీద అది బద్ధకంగా నోరు విప్పేది. తమ్ముడి జోకు బయటికొచ్చేసరికి నవ్వాల్సినవాళ్లు వేరే కబుర్లలో పడిపోయేవాళ్లు.

అందుకే కష్టపడి సి భాషలోకి మార్చింది. అక్షరాల్ని మాటగా పలికించడానికి, ఎవరో ముందే రాసిపెట్టిన 'గొంతు' అనే చిన్న లైబ్రరీని, అంటే రెడీమేడ్ ప్రోగ్రామ్‌ని, వాడుకుంది. ఇక వాడి నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది!

అది చూసి మాట లేని పిల్లలున్న ఇళ్లవాళ్లు ఎందరో మాకూ కావాలన్నారు. అందరి కోసం చేసే ఆ యాప్‌కి ఏ భాష వాడాలి, గొంతు లైబ్రరీయా లేక అలాంటిదే ఇంకొకటా అన్నది తేల్చడానికే ఈ మీటింగ్.

"ఎందుకొద్దండీ?" అంది అక్క.

ఆయన ముందు కుర్చీ పట్టుకుని మెల్లగా లేచాడు. యాభై దాటిన, బక్కపలచని మనిషి. ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు.

"సి భాష మంచిదే. లైబ్రరీనే మార్చండి. గొంతుని ఒక్కడే రాస్తున్నాడు. రెండోది బరువే, పలకడం కాస్త ఆలస్యమే. కానీ దాన్ని పదిమంది చూసుకుంటున్నారు."

"మాకు ఆ ఒక్కడు చాలు. పిచ్చుక సంగతి మీకు తెలీదు."

గొంతు రాసే మనిషి ఇంటర్నెట్‌లో పెట్టుకున్న పేరది. అసలు పేరేమిటో, ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఎంత తెలివితక్కువ ప్రశ్న అడిగినా విసుక్కోడు. తన ఈడు కుర్రాడే అయ్యుంటాడని అక్క 'బ్రదర్' అని రాసేది. ఫోను 'బావా' అన్న పిలుపుని సరిగా పలకడం లేదని తమ్ముడు అలిగితే, పిచ్చుక ఆదివారమంతా కూర్చుని దాన్ని సరిచేశాడు.

"రేపు ఆ పిచ్చుకకి ఏమన్నా అయితే?"

అక్క మొహం జేవురించింది.

"ఏంటండీ ఆ మాటలు! నోటికి ఎంతొస్తే అంతేనా?"

"అందరి ఫోన్లూ ఒక్కసారిగా మూగబోతాయమ్మా. ఇప్పుడైతే కొద్ది పనితో పోతుంది. కావాలంటే నేనే పక్కన కూర్చుని మార్చి పెడతాను."

"మీరేమన్నా ఆ రెండో లైబ్రరీ వాళ్ల తరఫున వచ్చారా?"

హాలంతా గొల్లుమంది.

ఆయనా నవ్వాడు. ఏదో చెప్పబోయి ఆగాడు.

"మీ తమ్ముడు బాగున్నాడా?"

"లక్షణంగా ఉన్నాడు. పిచ్చుక పుణ్యమా అని వాగుతూనే ఉన్నాడు."

ఆయన తల ఊపి, గోడ పట్టుకుని నడుస్తూ వెళ్లిపోయాడు.

చేతులెత్తమంటే అందరూ గొంతుకే ఎత్తారు.

కొన్ని నెలలకు ఫోన్లని నడిపే లినక్స్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. పాత గొంతు దానితో పొసగలేదు. పొద్దున్నే తమ్ముడు కాఫీ కప్పు బొమ్మ మీద వేలు పెట్టాడు. ఫోను పలకలేదు. మళ్లీ నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఆ తర్వాత అక్క మొహంలోకి చూశాడు.

ఆ చూపు చూడలేక ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పటికే ఫోన్ల మీద ఫోన్లు.

"మా పాప ఒకటే ఏడుపండీ. ఏం కావాలో చెప్పలేకపోతోంది!"

అక్క తన నంబరు పెట్టి మెయిల్ కొట్టింది. "బ్రదర్, కొంప మునిగింది. వెంటనే ఫోన్ చెయ్యి."

పిచ్చుక నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మర్నాడు ఫోన్ మోగింది. ఎవరో అమ్మాయి.

"అక్క అంటే మీరేనాండీ? నేను పిచ్చుక గారి అమ్మాయిని."

"అమ్మాయా?" అక్క తెల్లబోయింది. "నాన్నగారికి ఒక్కసారి ఇవ్వమ్మా. ఇక్కడ అందరి ఫోన్లూ..."

"నాన్న పోయారండీ. ఆయన మెయిల్ ఇవాళే తెరిచాను."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎప్పట్నుంచమ్మా ఆరోగ్యం..."

"పోయినేడాది నుంచీ ఆసుపత్రే. మీకు జవాబులన్నీ ఆ మంచం మీంచే రాశారు. ల్యాప్‌టాప్ పక్కన పెట్టమని నర్సమ్మ రోజూ కేకలేసేది."

"అయ్యో, నాకొక్క మాట చెప్పకూడదా తల్లీ? పరిగెత్తుకొచ్చేదాన్ని. ఒక్కసారైనా కళ్లారా చూసుకునేదాన్ని కదా!"



"అదేంటండీ, చూశారుగా? డాక్టర్ని బతిమాలుకుని మరీ మీ మీటింగ్‌కి వచ్చారు. తన సంగతి చెప్పేద్దామనే వచ్చారట. పిచ్చుక, పిచ్చుక అని మీరు అంత మురిసిపోతుంటే చెప్పడానికి నోరు రాలేదన్నారు."

"ఏ... ఏ మీటింగ్‌కి?"

"అదేనండీ, గొంతు వాడొద్దని మీతో వాదించి వచ్చింది నాన్నే."