ఎక్కని రైలుకు టికెట్లు

మా కోడలు రుచితకు నేనంటే గిట్టదు. పొద్దున ఏడు కాకముందే సద్ది డబ్బా చేతిలో పెట్టి నన్ను స్టేషన్‌కు తరుముతుంది.

మా ఊరి హాల్టులో టికెట్లు అమ్మేది నేనే. ఊరంతా పటాన్‌చెరు కంపెనీల బస్సుల్లోనే పోతుంది. టికెట్లు తెగకపోతే హాల్టు ఎత్తేస్తామని రైల్వేవాళ్లు చెప్పారు. ఎట్లనో రోజూ తెగుతూనే ఉన్నాయి.

మొన్న సోమవారం పక్కింటి ఖాజాబీ లింగంపల్లికి టికెట్ తీసుకుంది. రైలు వచ్చింది, పోయింది. ఆమె మాత్రం బెంచీ మీదే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

“రైలు పోయింది గద, ఎక్కలేదేంది?” అని అడిగాను.

“మోకాళ్ల నొప్పులతోని నేనేడికి పోత అన్నా? మీ రుచిత తీయమంటే తీసిన. గల్లీల అందరం వంతులేసుకుని తీస్తున్నం. స్టేషన్ మూతపడొద్దు గద.”

ఇన్నాళ్లూ ఆ పిల్లను తప్పుపట్టాను.

“నా కోసం గింత చేస్తున్నదా?”

“నీ కోసమా?” ఖాజాబీ చిక్కుళ్లు పక్కన పెట్టింది. “స్టేషన్ మూస్తే పొద్దంత ఇంట్లనే కూసుంటవ్. కూరల ఉప్పెక్కువని, గల్లీల లొల్లెక్కువని అందరి పానం తీస్తవ్. అసలు గిది రుచిత మొదలుపెట్టింది గాదన్నా. మా అనసూయక్క పెట్టింది. పోయేముందు కోడలికి అప్పజెప్పింది.”

అనసూయ నా భార్య. పోయి మూడేళ్లయింది.

ఆ సాయంత్రం ఆమె ఫోటోకు పూలు పెట్టలేదు. మర్నాడు రెండు రోజులవీ కలిపి పెట్టాను.

ఈ సంగతి ఇక ఎవరి దగ్గరా ఎత్తను.