ఘనకార్యాల గోడ

"ఈ బ్రేకు డిస్కు బిగించినవాడెవడో గానీ మాస్టారూ, వాడి చేతికి తోపుడుబండి కూడా ఇవ్వకూడదు," అన్నాడు మెకానిక్, ముందు ఎడమ చక్రం ఊడదీసి పక్కన పెడుతూ.

లోపల ఏముందో ఇంకా చూడనే లేదు. అతనెప్పుడూ అంతే, తిట్టుతోనే పని మొదలుపెడతాడు. షెడ్డులో ఒక గోడ నిండా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో షాపువాడి నిర్వాకం వేలాడుతూ ఉంటుంది. తిరగేసి బిగించిన బ్రేకు ప్యాడు, చొక్కా గుండీతో మూసిన గొట్టం, గుడ్డపీలికతో కట్టిన స్ప్రింగు. దానికి అతను పెట్టుకున్న పేరు ఘనకార్యాల గోడ. వచ్చినవాళ్ళకి అది చూపించందే ఎవరి బండీ జాకీ ఎక్కదు.

మాస్టారు లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. కారు ఆయన సర్వీసులో ఉండగా కొన్నది. ఇద్దరికీ వయసు మీద పడింది.

"తొక్కితే పెడలు కాలిని ఎదురు తంతోంది. స్టీరింగు వణుకుతోంది. రెండు వారాలైంది," అన్నాడాయన.

"డిస్కు ఎప్పుడు మార్పించారు?"

"ఏడాదిన్నర క్రితం. మలుపు దగ్గర షాపులో."

"ఇంకేం. వాడే."

వెనకాల స్టూలు మీద మాస్టారి కూతురు కూర్చుని ఉంది. బట్టలు కుట్టడం ఆమె పని. ఒళ్ళో ఉన్న చేతిసంచిలోంచి కత్తెర పిడి బయటికి కనిపిస్తోంది.

"బాగవకపోతే ఇక నడపకూడదు కదండీ?" అని అడిగింది.

"నా దగ్గరికొచ్చి బాగవకపోవడమా?" అన్నాడు మెకానిక్, ఆమె వైపు చూడకుండానే.

"దాని గోల అదేలే," అన్నాడు మాస్టారు. "సోమవారం నుంచి మనవరాల్ని బడికి నేనే దింపుతానన్నాను. అప్పట్నుంచీ ఒకటే పాట, నడపొద్దు నాన్నా, నడపొద్దు నాన్నా అని. కారు వద్దంటే మానేస్తాను. మనుషులు చెబితే ఎందుకు మానేస్తాను?"

"అలా చెప్పండి."

"చిన్నప్పుడు నేను కారు కింద దూరితే స్పానర్లు అందించేది. ఇప్పుడు నాకే బుద్ధులు చెబుతోంది."

కూతురు గోళ్ళ సందుల్లో నలుపును రుమాలుతో తుడుచుకుంది. కుట్టుమిషను నూనె కాబోలనుకున్నాడు మెకానిక్.

అతను నట్లు తిరిగి ఎక్కించి డిస్కును కదలకుండా అదిమాడు. అయస్కాంతం స్టాండు నిలబెట్టి, డయల్ గేజి మొనను డిస్కు అంచుకు ఆనించాడు. చేత్తో మెల్లగా తిప్పితే ముల్లు పైకి పాకి మళ్ళీ కిందికి జారింది.

"డిస్కు తిన్నగా తిరగాలి మాస్టారూ. ఇది తాగినవాడిలా ఊగుతోంది. ఐదు గీతలు దాటకూడదు. ముల్లు బాగా లేచిన చోట ఆపి ఉంచాను, ఎంతుందో మీరే చూడండి."

మాస్టారు వస్తూ వస్తూ నేల మీది జాకీ రాడ్డును తన్నుకుని, దాన్ని అక్కడ పడేసినవాణ్ణి తిట్టి, డయలు మీదికి వంగాడు.

"మూడేగా."

"ఇరవై మూడు నాన్నా," అంది కూతురు స్టూలు మీంచే.

ఒప్పుకోవడం చేతకాని మనిషి అనుకున్నాడు మెకానిక్. ముక్కు కింద పెట్టి చూపించినా తన కారులో తప్పుందనడు.

ముల్లు ఎక్కువ లేచిన చోట సుద్దతో గుర్తు పెట్టి, డిస్కును బిగబట్టే బ్రేకు కాలిపరు విప్పాడు. పాత బోల్టులు, అయినా మొరాయించకుండా వదిలాయి. తన చెయ్యి పడితే అంతే మరి అనుకున్నాడు. డిస్కు బయటికి లాగాడు.

దాని వెనక, డిస్కు ఆనే హబ్బు మొహమంతా తుప్పు. సరిగ్గా సుద్ద గుర్తు ఉన్న వైపున గోరంత రేకుముక్క అతుక్కుని ఉంది. కూల్‌డ్రింకు డబ్బా రేకు. అంచులు నున్నగా, మూలలు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. అంత తుప్పులోనూ తళతళలాడుతోంది.

మెకానిక్ మొహం వెలిగిపోయింది.

"చూశారా వాడి ఘనకార్యం? తుప్పు గీకడానికి బద్ధకం. సందు కనబడితే రేకు దూర్చాడు. పైగా ఎంత ముద్దుగా కత్తిరించాడో చూడండి. జాకెట్టుకి కాజాలు కుడుతున్నాననుకున్నాడేమో వెధవ."

"ఈ కాస్త ముక్కకే అంత వణుకా?"

"వెంట్రుక మందం చాలు మాస్టారూ. బ్రేకు పడుతుంది గానీ, తొక్కినప్పుడల్లా కారు వద్దు వద్దని తలూపుతుంది. దీన్ని నాకు వదిలెయ్యండి. నా గోడకి ఇలాంటిది లేదు."

రేకుముక్కను స్టూలు పక్కనున్న ట్రేలో భద్రంగా పెట్టి పనిలో పడ్డాడు. తీగబ్రష్షుతో హబ్బును ఇనుము మెరిసేదాకా రుద్దాడు. డిస్కు ఎక్కించి కొలిస్తే ఎనిమిది. ఊడదీసి ఒక బోల్టు రంధ్రం జరిపి ఎక్కిస్తే ఆరు. ఇంకొకటి జరిపితే రెండు. చక్రం పెట్టి, నట్లను ఎదురెదురుగా, అన్నిటికీ ఒకే బిగువు పడేలా రెంచి కొలత చూసుకుంటూ బిగించాడు.

"ఇంకో పదేళ్ళు ఢోకా లేదు మాస్టారూ."

"విన్నావా?" అన్నాడు మాస్టారు కూతురితో.

"విన్నాను నాన్నా." ఆమె లేచి సంచి జిప్పు వేసుకుంది. మెకానిక్ వైపు తిరిగి, "కుడి చక్రం నట్లు కూడా ఇదే సైజేనాండీ?" అని అడిగింది.

అతనికి నవ్వాగలేదు. "అన్నీ ఒకటే సైజమ్మా. మీరు కత్తెర సంగతి చూసుకోండి, చక్రాల సంగతి మేం చూసుకుంటాం."

మాస్టారు కారు వెనక్కి తీశాడు. గేటు స్తంభానికి బెత్తెడు దూరంలో, మెకానిక్ పెట్టిన కేకకి టక్కున ఆగింది.

"బ్రేకు ఎలా పట్టిందో చూశారా?" అన్నాడు మెకానిక్. పక్క సీట్లో కూతురు కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది.

కారు మలుపు తిరిగాక అతను సుత్తి తీసుకుని, గోడ నడిమధ్యన, గుమ్మంలోంచే కనబడేలా కొత్త మేకు కొట్టాడు. వచ్చేవాళ్ళకి ఈ కథ ఎక్కడ మొదలుపెట్టి ఎలా చెప్పాలో అప్పుడే మనసులో అల్లుకుంటున్నాడు. చేతులు తుడుచుకుని స్టూలు దగ్గరికి వెళ్ళి వంగాడు.

ట్రేలో రేకుముక్క లేదు.