చివరి వరుసలో లైటు

డబ్బాలో నాలుగు వందలకు పైగా చీటీలున్నాయి. దామోదరం వెతుకుతున్నది ఒక్క చీటీ కోసం.

ఏడాది చివర నగరిలోని ఆ సినిమా హాల్లో ఇదొక ఆనవాయితీ. టికెట్ల కిటికీ పక్కన డబ్బా పెడతారు. ఈ ఏడాది చూసినవాటిలో మీకు బాగా నచ్చిన సినిమా ఏది, ఎందుకు నచ్చింది? రాసి వేస్తే చాలు. ఎక్కువమంది మెచ్చిన సినిమాను జనవరి ఒకటిన మళ్ళీ ఆడిస్తారు. చీటీలు చదివి తేల్చేది మేనేజరు దామోదరమే. పదకొండేళ్ళుగా ఆయన చెప్పిందే తీర్పు.

మామూలుగా ఆయనకిది పండగ. ఈసారి ఒక్కో చీటీ తెరిచి, కింద పేరు చూసి పక్కన పడేస్తున్నాడు. తెప్పించుకున్న టీ అలాగే చల్లారిపోయింది.

అంతా ఆ ఆదివారం మ్యాట్నీ వల్ల.

వరదమ్మ, మునెయ్య మరమగ్గాల వీధి వాళ్ళు. యాభై దాటిన మొగుడూ పెళ్ళాం. దామోదరం పుట్టిందీ ఆ వీధిలోనే. ఆ మగ్గాల మోతలో వాళ్ళమ్మ గడపలో నిలబడి పెదవి కదిపితే చాలు, అన్నానికి పిలుస్తోందో తిడుతోందో వీధి చివరి నుంచే తెలిసిపోయేది. హాల్లో ఉద్యోగం దొరికాక బజారువీధికి ఇల్లు మార్చాడు. మళ్ళీ అటువైపు పోయింది తక్కువ.

ఈ జంట ప్రతి ఆదివారం మ్యాట్నీకి వచ్చేది. చివరి వరుసలో మూల సీట్లే కావాలి. మాట్లాడేదంతా వరదమ్మే. మునెయ్యను ఏం పలకరించినా తలూపి నవ్వుతాడు, అంతే. ఆమె సినిమా పిచ్చి ఎంతటిదంటే, శుక్రవారం కొత్త బొమ్మ పడగానే ఒక్కతే వచ్చి చూసిపోతుంది. ఆదివారం మొగుణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ అదే సినిమాకు వస్తుంది. ఆ సినిమా హీరోను పిలిపించి ఈమెకు శాలువా కప్పించాలని గేటు దగ్గర టికెట్లు చింపే గిరి ఎగతాళి చేసేవాడు.

ఆమెతో ఒక్కటే తంటా. సెల్లు. శుక్రవారం దాన్ని సంచిలోంచి తియ్యనైనా తియ్యదు. ఆదివారం మాత్రం సినిమా మొదలవగానే వెలిగిస్తుంది. గిరి రెండుసార్లు చెప్పి చూశాడు. సరే నాయనా అంటుంది, కొంగు అడ్డం పెట్టుకుంటుంది, కాసేపటికి మళ్ళీ మామూలే.

ఆ ఆదివారం వాళ్ళ ముందు వరుసలోవాళ్ళు గోల చేశారు. దామోదరమే లేచి లోపలికి వచ్చాడు. చూస్తే ఏముంది? వరదమ్మ తెర వైపు చూడటమే లేదు. మొగుడి వైపు తిరిగి కూర్చుంది. సెల్లు లైటు ఆమె మొహాన పడుతోంది. రెండోసారి చూడటం కదా, పెదాలు కదుపుతూ సినిమాలో మాటలు లోలోపల వల్లె వేసుకుంటోంది. మునెయ్య తెరను ఒకసారి చూస్తే ఆమెను పదిసార్లు చూస్తున్నాడు, ముసిముసిగా నవ్వుతున్నాడు.

దామోదరానికి ఒళ్ళు మండింది. లైట్లు వేయించాడు. హాలంతా వెనక్కి తిరిగింది.

"ఏమ్మా, ఇంట్లో సందు లేదా? ఒకరి మొగం ఒకరు సూసుకునేదానికి ఈ వయసులో ఈడికి రావల్లా?"

హాలు గొల్లుమంది. వరదమ్మ సెల్లు ఆర్పేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మునెయ్య మాత్రం చుట్టూ చూసి, అందరితో పాటు తనూ నవ్వాడు. ఆ నవ్వుకు దామోదరానికి ఇంకా తిక్క రేగింది. ఇంటర్వెల్ అయినా కాకముందే ఇద్దరినీ బయటికి పంపించాడు. వరదమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని, తల వంచుకుని మెట్లు దిగిపోయింది.

ఇంటికి పోయి దీన్ని గొప్పగా చెప్పుకున్నాడు. ఆయన భార్య ఉదయలక్ష్మి నవ్వలేదు. "మొగుడూ పెండ్లామే గదా, వాళ్ళు సేసిన తప్పేముండాది?" అనింది. తర్వాత ఇంకా నెమ్మదిగా, మనం అట్ల కూర్చుని ఎన్నేళ్ళయిందని అడిగింది. దామోదరం సగం అన్నంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఏడు ఆదివారాలు ఆ మూల సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆయనే ఎవరికీ ఇవ్వనివ్వలేదు. తప్పయిపోయిందని చెప్పుకోడానికి రెండుసార్లు మగ్గాల వీధి మొదటి దాకా పోయాడు. ఏం మొహం పెట్టుకుని పోవాలో తెలియక రెండుసార్లూ బండి తిప్పుకుని వచ్చేశాడు. సిగ్గుతో చచ్చిపోతున్నానని ఎవరితో చెప్పుకుంటాడు?

మొన్న మునెయ్య ఒక్కడే వచ్చాడు. డబ్బాలో చీటీ వేసి వెనక్కి మళ్ళాడు. దామోదరం కిటికీ వదిలి బయటికి పరిగెత్తాడు.

"మునెయ్యప్పా! రవంత నిలబడప్పా!"

మూడుసార్లు పిలిచాడు. టికెట్ల వరుసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. మునెయ్య ఒక్కడే తిరగలేదు. అదే నడకతో గేటు దాటి వెళ్ళిపోయాడు. నలుగురిలో అవమానించినందుకు నలుగురిలోనే జవాబు దొరికిందనుకున్నాడు దామోదరం. గిరి మొహం చూడలేక లోపలికి వచ్చేశాడు.

చీటీ దొరికింది. నూలు కట్టకు చుట్టే కాగితం ముక్క. పెద్ద పెద్ద అక్షరాలు. కింద మునెయ్య పేరు.

'నచ్చిన సినిమా: మీరు మమ్మల్ని బయటికి పంపించినారే, అది.'

తిట్టి ఉంటాడు, తిట్టనీ, తిడితేనన్నా కాస్త బరువు దిగుతుంది అనుకుని దామోదరం కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఎందుకు నచ్చింది అన్న చోట మునెయ్య రాసింది చదివాడు.

'మగ్గాల మోతకు నా చెవులు పూర్తిగా పోయి ఆరేండ్లాయ సార్, మా వరద శుక్రవారం ఒక్కతే వచ్చి మాటలన్నీ మనసులో పెట్టుకోని, ఆదివారం సెల్లు లైటు తన మొగాన ఏసుకోని పెదాలతో నాకు సెప్పేది, అన్ని సినిమాల్లోకీ ఆ సినిమా మాటలే, మీరు లైట్లేసేదాకా, శానా బాగా సెప్పింది.'