తిప్పమ్మ చూసిన జాతర

డప్పులు మొదలైనప్పటి నుంచి శివప్ప తన భార్య మణికట్టు వదల్లేదు.

"చెయ్యి నొస్తాండాది. రోంత వదులు," అంది తిప్పమ్మ నవ్వుతూ.

"కండ్లు మసక పడినాయా?"

"లేదు. నన్ను జాతర చూడనీ."

పన్నెండో ఏట మూర్ఛలు మొదలైన నాటి నుంచి పుట్టింటివాళ్లు పండగ పూట ఆమెను గదిలో పెట్టి గొళ్లెం వేసేవాళ్లు. పెళ్లిలో ఆ మాట దాచారు. రెండో నెలలో శివప్ప కళ్లారా చూశాడు. అతనూ దాచాడు. ఊరికి తెలిస్తే అంటురోగమని ఆమెను బావి గట్టు ఎక్కనివ్వరు.

ఊరికంటే అతనికి తల్లి భద్రమ్మ అంటేనే భయం. ఊరి దేవత మారెమ్మ పూనేది ఆమెనే. వాన మాటైనా, పెళ్లి మాటైనా ఊరంతా ఆమె నోటి కోసం ఎదురుచూసేది. కాపురానికొచ్చి ఆరునెలలైనా కోడలితో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. కోడలు నీళ్లు తోడుతున్నా, పొయ్యి రాజేస్తున్నా పక్కనే నిలబడి కళ్లప్పగించి చూసేది.

గంజి కేంద్రాలు మూసేసి ఏడాదైంది. కరువు తీరాక ఇదే తొలి జాతర. కంబదూరు చుట్టుపక్కల జనమంతా అక్కడే ఉన్నారు. తిప్పమ్మ చేతినిండా గాజులు వేయించుకుంది. బొరుగులు తింది. రంగులరాట్నం ఎక్కుతానంటే మాత్రం శివప్ప ఒప్పుకోలేదు.

"చాల్లే, ఇంటికి పోదాం పా."

"జ్యోతులు వచ్చేదాకా ఉందాం. ఎప్పుడూ చూడలేదు."

జ్యోతులు వచ్చాయి. డప్పుల జోరు పెరిగింది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి అతని పట్టులో కట్టెలా బిగుసుకుంది. పొదివి పట్టుకునేలోగా నేల మీద పడింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నోట్లో నురగ.

డప్పులు ఆగిపోయాయి.

"ఏమప్పా, మూర్ఛ మాదిరి ఉండాదే!" అన్నారెవరో.

జనాన్ని తోసుకుంటూ భద్రమ్మ వచ్చింది. శివప్ప అడ్డం వెళ్లాడు.

"అమ్మా, అదీ..."

"నోర్ముయ్."

ఆమె కోడలిని ఒక పక్కకు ఒత్తిగిలించింది. కొంగు మడిచి తల కింద పెట్టింది. నురగ కనపడకుండా మూతి నిండా పసుపు పూసింది. లేచి రెండు చేతులూ పైకెత్తింది.

"మారెమ్మ తల్లి నా కోడలి మీదికి వచ్చింది! మొక్కుకోండి!"

ఊరు ఊరంతా వంగింది. తిప్పమ్మ కళ్లు తెరిచేసరికి మెడలో పూలదండ, కాళ్ల దగ్గర టెంకాయలు. ఏమీ అర్థంకాక అత్త వైపు చూసింది. భద్రమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుని నుదురు నిమురుతోంది.

దేవత పేరున అబద్ధం మోయడం శివప్ప వల్ల కాలేదు. తల్లి చెవి దగ్గర వంగాడు.

"అమ్మా, ఇది పూనకం కాదు. మూర్ఛ."

భద్రమ్మ కోడలి ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు.

"నువ్వు చంకబిడ్డగా ఉన్నప్పుడు ఈడనే నాకు మూర్ఛ వచ్చి పడితే, మీ నాయన అరిచిన మాటేరా నేనిప్పుడు అరిచింది."