వాన లేని పూత

జీపు కదలబోతుండగా గంగ బిడ్డను ఎత్తుకుని దిగిపోయింది. ఆమె అత్త రాజులమ్మ బట్టలమూటతో లోపలే ఉండిపోయింది.

"పెద్దాసుపత్రికి వద్దు ఫల్గుణా. నాను కొండమీదకెల్తాను."

డ్రైవర్ ఫల్గుణ తల పట్టుకున్నాడు. "ఓలమ్మా, దేవుడు రేపు కూడా కొండమీదే ఉంటాడు. నా జీపుండదు. రోజుకిదొక్కటే ట్రిప్పు. బేగి ఎక్కు."

గంగ భుజం మీద మూడేళ్ల సోని ఆయాసపడుతోంది. నాలుగు రోజులుగా జ్వరం. పెదవులు నల్లబడ్డాయి. నర్సు చీటీ రాసిచ్చి, ఇవాళే తీసుకెళ్లమని చెప్పింది.

కానీ నిన్నటి నుంచి ఊళ్లో ఒకటే మాట. ఫిబ్రవరిలో, చుక్క వాన లేకుండా, కొండమీద ఫ్లోరెన్స్ టీచరమ్మ సమాధి దగ్గర కాఫీ మొక్క తెల్లగా పూసింది. చుట్టూ ఏ తోటలోనూ ఒక్క మొగ్గ విచ్చలేదు. ఆ పూలు తాకితే ఒకామెకు నడుంనొప్పి పోయిందట. చర్చికి వెళ్లేవాళ్లూ, కొండదేవతకు మొక్కేవాళ్లూ కలిసే ఎక్కుతున్నారు.

బడి వదిలి లాజరస్ మేస్టారు పరుగున వచ్చాడు. ఫ్లోరెన్స్ ఆయన భార్య.

"గంగా, జీపెక్కు. పూలు మందు కావమ్మా."

"నువ్వే అలాగంతే ఎలగ మేస్టారూ? బతికున్నన్నాళ్లూ టీచరమ్మ మా పిల్లగుంటల్ని సంకనెత్తుకుని సూసింది. ఇప్పుడు ఊరుకుంటాదేటి?"

"అది మహిమ కాదు. నీళ్లు బాగా తగిలితే తొమ్మిదో రోజుకి కాఫీ పూస్తుంది. నీకూ తెలుసు."

"తెలుసు. మరి నీళ్లెవులు పోసినారు? ఊట లోయలో ఉంది. అంత కొండ ఎవులు మోత్తారు?"

మేస్టారు జీపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"నేనే పోశాను."

జీపులో ఉన్నవాళ్లంతా బయటికి తొంగిచూశారు.

"పది రోజుల కిందట ఆమె పోయిన తేదీ వచ్చింది. ఊరు లేవకముందే నాలుగు బిందెలు మోశాను. ఇలా అవుతుందనుకోలేదు. తప్పు నాది. పిల్లను తీసుకెళ్లు."

గంగ ముఖం వాడిపోయింది. "నిజిమేనా?"

"నిజం."

"మేస్టారు అబద్దమాడరు," అని ఆమె తనలో తనే అనుకుని, ఒక కాలు జీపులో పెట్టింది.

రాజులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండవే. బాబూ, ఒక్క మాట. ఆ మొక్క సమాధికి తలకాడుందా, కాళ్లకాడుందా?"

మేస్టారు ఒకసారి కొండవైపు చూశాడు.

"తలవైపు."

రాజులమ్మ ముఖంలో కోపం లేదు. "కాళ్లకాడ బాబూ. నీ బడి పిల్లగుంటలే నాటినారు."

గంగ కాలు వెనక్కి తీసుకుంది.

"అయితే నీళ్లెవులూ మొయ్యనేదు," అన్నారు లోపలెవరో. ఇద్దరు ముగ్గురు కొండవైపు తిరిగి దణ్ణం పెట్టారు. రాజులమ్మ మూట తీసుకుని దిగింది. అత్తాకోడళ్లు కొండదారి పట్టారు. పిల్ల దగ్గు మలుపుదాకా వినిపించింది.

ఫల్గుణ ఒకసారి హారన్ కొట్టి చూశాడు. ఎవరూ తిరిగి రాలేదు. జీపు వెళ్లిపోయింది.

ఫ్లోరెన్స్‌ను సమాధి చేసి నాలుగేళ్లయింది. ఆ రోజు దిగి వచ్చాక లాజరస్ మేస్టారు మళ్లీ ఆ కొండ ఎక్కలేదు.