రెండో ప్రొఫెసర్

ఆ ఉదయం విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, పాత గ్రంథాలయం వెనుక మెట్ల దగ్గర హాజరైనవారు, కుర్చీల వరుస ప్రకారం, వీరు: సినిమా తీస్తున్న విద్యార్థి సాత్విక్, కెమెరా చూసే అమల, శిష్యుడి వేషం కట్టిన కుర్రవాడు, ఆ పక్కన, ‘ప్రొఫెసర్’ అని కాగితం అంటించిన కుర్చీలో రత్నాకర్. కుర్చీ లేక నిలబడినవారు ఒక్కరే. ఆయన ఇంగ్లీషు శాఖ విశ్రాంత ఆచార్యులు భుజంగరావుగారు. ఆయన కోటు జేబులో, తార్నాకలో కొన్న కొత్త తాళం కప్ప ఉంది.

ఆ తాళం రత్నాకర్ కోసం.

నెల క్రితం సాత్విక్ తార్నాకలోని ఆయన ఇంటికి వచ్చి, తాము ఒక సైకలాజికల్ థ్రిల్లర్ తీస్తున్నామని విన్నవించుకున్నాడు. ఒక ప్రొఫెసర్ మీద పిచ్చి వ్యామోహం పెంచుకున్న శిష్యుడు మొదట ఆయన వేషాన్ని, తరువాత ఆయన పేరును, చివరకు ఆయన బతుకునే కాజేసి పగ తీర్చుకుంటాడట.

“పొద్దున మీరు వాకింగ్ చేస్తుంటే చూసిన సార్. ఆ ఎత్తు, ఆ భుజాలు, ఆ నడక... మా ప్రొఫెసర్ అచ్చం గట్లనే ఉండాలె. మీరు కాదంటే మా సినిమా ఆగిపోతది.”

భుజంగరావుగారు మర్యాద కోసం కాసేపు ఆలోచించి, అంగీకరించారు. సాయంత్రానికల్లా ఆ వార్త నడక మిత్రులకు, పూర్వ విద్యార్థులకు, మందుల దుకాణం యజమానికి కూడా చేరింది. ప్రదర్శనకు అందరినీ ఆయనే స్వయంగా ఆహ్వానించారు. ఇక వెండితెర మీద ఆయన ముఖం కనిపించకపోతే తార్నాకలో తలెత్తుకుని తిరగడం కల్ల.

షూటింగులో ఆయనను గొట్టాల వానలో తడిపారు. సైకిలు మీద నుంచి పడేశారు. కెమెరా వైపు తిరగవద్దని సాత్విక్ పదే పదే వేడుకునేవాడు. ముఖాన్ని చివరిదాకా దాచిపెట్టడమే థ్రిల్లర్ల ఆయువుపట్టని భుజంగరావుగారికి తెలియనిది కాదు.

“హీరో అంటున్నారు, రోజూ నడుం పట్టుకుని వస్తున్నారు. హీరోలకి ఇంత తైలం ఎందుకండీ?” అని భార్య శ్యామలాంబగారు ఆయన వీపు రుద్దుతూ అడిగారు. నటన అంటే తపస్సు అని ఆయన సెలవిచ్చారు.

ఆ తపస్సుకు రత్నాకర్ అడ్డు తగిలాడు. అదే గోధుమరంగు కోటు, అదే చేతికర్ర. తెల్లమీసం మాత్రం అతికించుకున్నది. గొడుగు నీడలో అతణ్ణి కూర్చోబెట్టి, ముఖం మీద లైట్లు వేసి, కెమెరాను ముక్కు దాకా తెచ్చేవారు. మొదట్లో భుజంగరావుగారు పట్టించుకోలేదు. ప్రధాన నటుణ్ణి శ్రమపెట్టకుండా మరొకరిని కూర్చోబెట్టి వెలుతురు సరిచూసుకుంటారని ఒక ఇంగ్లీషు పత్రికలో చదివి ఉన్నారు.

కానీ పిల్లలు రత్నాకర్‌ను ‘ప్రొఫెసర్ సార్’ అని పిలవసాగారు. ఒకనాడు అతడే వచ్చి, “సార్, జర గా దగ్గు ఇంకోసారి దగ్గుతరా?” అని అడిగి, మరునాడు అచ్చంగా అలాగే దగ్గాడు. కథలో జరుగుతున్నదే తనకూ జరుగుతున్నదని భుజంగరావుగారికి అర్థమైంది. మెట్టుగూడలోని అతని ఇంటిదాకా వెంబడించారు. కొత్తిమీర కట్ట కొనడం తప్ప అతడు దారిలో ఏ నేరమూ చేయలేదని నిర్ధారించుకుని, అందువల్లనే మరింత అనుమానించారు.

నిన్న ఆ అనుమానం రుజువైంది. స్తంభం చాటు నుంచి ఆయన చెవులారా విన్నారు.

“రేపు మెట్ల సీన్ నేనే చేస్త. ఆ పెద్దమనిషితోని వద్దు,” అన్నాడు రత్నాకర్.

“ఆయన ఊకోడు అంకుల్,” అన్నాడు సాత్విక్.

“ఊకోకుంటే నేను చెప్పుకుంట. క్లైమాక్స్ నాది.”

అందుకే ఈ ఉదయం భుజంగరావుగారు రత్నాకర్‌ను పక్కకు పిలిచి, కోటు గుండీ ఊడిందని చెప్పి, దుస్తులు పెట్టిన గదిలోకి పంపి, బయట తాళం వేశారు.

“ఈ దృశ్యం నాది. ఇందులో మీకు చోటు లేదు,” అని తలుపుతో అన్నారు.

“సార్, గట్లెందుకు? నేను చేస్త కదా. తాళం తీయుండ్రి,” అని లోపలి నుంచి వినిపించింది. ఆయన తాళంచెవి జేబులో వేసుకుని వచ్చేశారు.

శిష్యుడి వేషం కట్టిన కుర్రవాడు ఆయనను మెట్ల మీదుగా ఈడ్చి, బురదగుంటలో పడేశాడు. సాత్విక్‌కు తృప్తి కలిగేదాకా మళ్లీ మళ్లీ పడేశాడు. ప్రతిసారీ భుజంగరావుగారు విజేత వలె పడ్డారు. చివరకు సాత్విక్ ఆయన కాళ్లకు మొక్కాడు. బురద తుడుచుకుని, ఆయన తాళంచెవిని హుందాగా అమల చేతిలో పెట్టారు. బయటికి వచ్చిన రత్నాకర్ ఆయన చేతులు రెండూ పట్టుకుని, చెమర్చిన కళ్లకు అద్దుకున్నాడు. ఓడినవాడు అంతకన్నా ఏం చేయగలడు?

ప్రదర్శన నాడు సెమినార్ హాలులో సగం తార్నాక కొలువుదీరింది. భుజంగరావుగారు సూటు ధరించి, పట్టుచీర కట్టుకున్న శ్యామలాంబగారి పక్కన, మొదటి వరుసలో నిటారుగా కూర్చున్నారు. లైట్లు ఆర్పబోయే ముందు శాఖాధ్యక్షురాలు కాత్యాయనిగారు రత్నాకర్‌ను వేదిక మీదికి పిలిచారు. అతడు ఆమె చెవిలో ఏదో చెబుతూ మొదటి వరుస వైపు చూపించాడు. తాళం సంగతే అయి ఉంటుంది. పోలీసులంటూ వస్తే చెప్పవలసిన జవాబును భుజంగరావుగారు ఇంగ్లీషులో ముందే కూర్చుకుని ఉన్నారు.

కాత్యాయనిగారు శాలువా అందుకుని, కళ్లజోడు సవరించుకుని, మైకులో ప్రకటించారు:

“కథానాయకుడు శ్రీ రత్నాకర్‌గారు తన దెబ్బలు తానే తింటానని పట్టుబట్టగా, వారిని గదిలో ఉంచి తాళం వేసి మరీ, ఆ దెబ్బలన్నీ తామే స్వీకరించిన ఆచార్య భుజంగరావుగారి త్యాగనిరతిని ఈ సభ సగౌరవంగా గుర్తిస్తూ, ఈ చిత్రానికి డూప్‌గా వారు చేసిన సేవకు ఈ శాలువాను సమర్పించుకుంటున్నది.”